తహసీల్దారు, ఇంజనీరు, బిషప్పు

మా నేలకొండపల్లికి కొత్తగా వచ్చినవారు సాధారణంగా రెండు సంగతులు అడుగుతారు. మొదటిది ఊరి చెంత ఉన్న బౌద్ధ స్తూపానికి దారి. రెండవది రామదాసు పుట్టిన ఇల్లు. కంచర్ల గోపన్న మా ఊరివాడని చెప్పుకోవడంలో మాకు కొంత గర్వం ఉన్నది, దానిని దాచుకోను. తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి, సర్కారుకు చేరవలసిన పైకము భద్రాచల రాముని గుడికి వెచ్చించి, గోలకొండ చెరసాల పాలైన కథ తెలుగు నేలలో పిల్లలకు కూడా తెలుసు. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన నేను ఆ కథను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ వెనుక బెంచీ నుండి ఎవడో ఒకడు లేచి, “సర్కారు సొమ్ముతో గుడి కట్టవచ్చునా సార్?” అని అడిగేవాడు. భక్తి గొప్పదని చెప్పి కూర్చోబెట్టేవాడిని గాని, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

మనసులో దేవుడు, చేతిలో అధికారం ఉన్న మనిషి ఏమి చేయాలి? దేవుని పనికి ప్రభుత్వాన్ని వాడుకోవచ్చునా? ప్రభుత్వం ఏదైనా ఇస్తానంటే దేవుని పేరున పుచ్చుకోవచ్చునా? ఈ ప్రశ్నలు గోపన్నతో తీరిపోలేదు. ఆయన తరువాత రెండు వందల యేండ్లకు అదే గోదావరి గట్టున, అటుపిమ్మట మా ఖమ్మానికి దగ్గరి రైలు జంక్షనులో, మరొక మతంవారు వీటినే ఎదుర్కొన్నారు. బైబిలే తుది ప్రమాణమనీ, ఆదివారం పని చేయరాదనీ, కల్లు సారాయి ముట్టరాదనీ, నమ్మినదానిని నలుగురికీ చెప్పడం విధి అనీ గట్టిగా పట్టుకున్న సంప్రదాయ క్రైస్తవులు వారు. రాజ్యాధికారం విషయంలో వారు తీసుకున్న నిలకడలు మనం ఊహించుకునేటట్లు లేవు. అందుకే ఈ వ్యాసం.

దొరల ప్రభుత్వం వచ్చింది గనుక క్రైస్తవులకు సింహాసనం దొరికిందని మనం తేలికగా అనుకుంటాము. వాస్తవం అంత సులభం కాదు. కుంపిణీ వారికి వ్యాపారం, శిస్తు ముఖ్యం. దేశాచారం చెడకూడదని మద్రాసు ప్రెసిడెన్సీలో దేవాలయాల భూములను, ఆదాయాలను కలెక్టర్లే చూసేవారు. ఉత్సవాలలో సిపాయిల కవాతులు, తుపాకీ వందనాలు ఉండేవి. దీనికి ఎదురు తిరిగినవారు హిందువులు కారు, భక్తులైన క్రైస్తవ ఉద్యోగులే. 1836లో మద్రాసు బిషప్పు డేనియల్ కోరీ ద్వారా వారు ప్రభుత్వానికి విన్నపం పంపుకొని చీవాట్లు తిన్నారు. 1838లో మద్రాసు సైన్యాధిపతి సర్ పెరెగ్రిన్ మెయిట్లండ్ ఈ విషయం మీదనే పదవికి రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. తన అంతరాత్మకు సరిపడని పూజామర్యాదలలో క్రైస్తవ సిపాయిని నిలబెట్టే ఆజ్ఞను తాను అమలు చేయలేనన్నది ఆయన పట్టు.

ఈ ఒత్తిడి ఫలించింది. 1840 దశకంలో కలెక్టర్లు దేవాలయ నిర్వహణ నుండి తప్పుకోసాగారు; 1863 నాటి ఇరవయ్యవ చట్టంతో ఆ తప్పుకోవడం పూర్తి అయింది. గుళ్ళు ధర్మకర్తల చేతికి, కమిటీల చేతికి వచ్చాయి. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ప్రభుత్వం గుడి నుండి వైదొలగాలని నాడు పోరినవారు ఛాందస క్రైస్తవులు. 1920లలో హిందూ మత ధర్మాదాయ చట్టం తెచ్చి ప్రభుత్వాన్ని మళ్ళీ గుడిలోకి పిలిచినవారు హిందువులే అయిన జస్టిస్ పార్టీ మంత్రులు. ప్రభుత్వం గుళ్ళను వదలాలా, పట్టుకోవాలా అని నేడు వాదించుకునేవారిలో ఎందరికి ఈ సంగతి గుర్తున్నదో.

అయితే మెయిట్లండ్ వర్గం వారి నిలకడలో ఒక లోపం కూడా ఉన్నది. పరాయి గుడి నుండి సర్కారు తప్పుకోవాలన్నవారిలోనే కొందరు సర్కారు బడిలో మాత్రం బైబిలు ఉండాలన్నారు. 1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభువు ప్రభుత్వ పాఠశాలల్లో బైబిలును పాఠ్యగ్రంథంగా పెట్టాలని ప్రతిపాదించాడు. లండనులోని డైరెక్టర్లు ఒప్పుకోలేదు. ఆ తరువాత 1857 తిరుగుబాటు, 1858 నవంబరు 1న రాణి ప్రకటన వచ్చాయి. ఎవరి మత విశ్వాసంలోనూ ప్రభుత్వోద్యోగులు జోక్యం చేసుకోరాదన్న మాట రాజ్యనీతి అయింది. అంటే భక్తుడైన ఉద్యోగి ముందు రెండే దారులు మిగిలాయి: నోరు మూసుకొని ఉద్యోగం చేయడం, లేదా ఉద్యోగం వేరు, విశ్వాసం వేరు అని గీత గీసుకొని రెండింటినీ నడపడం.

ఆ గీత గీసుకొన్నవాడు మా భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో కనబడతాడు.

ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుండి 1852 వరకు కట్టించిన ఆర్థర్ కాటన్ మనందరికీ తెలుసు. గోదావరి జిల్లాల రైతులు నేటికీ ఆయన బొమ్మకు దండలు వేస్తారు. ఆయన గాఢమైన క్రైస్తవ విశ్వాసి అన్న సంగతి అంతగా తెలియదు. గోదావరిని నాగపురం దాపు వరకు పడవల దారిగా మార్చాలన్నది ఆయన కల. ఆ పనికి వచ్చిన ఇంజనీర్లలో ఫీలిక్స్ థాకరే హెయిగ్ ఒకడు. పెద్ద బండరాళ్ళ నడుమ పడవ సాగని చోట ఆనకట్ట, కాలువ, లాకులు కట్టడానికి హెయిగ్ దుమ్ముగూడెంలో మకాం వేశాడు. 1860లోనే భద్రాచలం, రేకపల్లి తాలూకాలు నిజాం నుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చి మధ్య పరగణాలలో చేరాయి. 1874లో మద్రాసులోని గోదావరి జిల్లాకు మారాయి.

పని మీద వచ్చిన హెయిగ్ కంట పడినవారు కోయలు. వారికి బోధించేవారు లేరని ఆయన బాధపడ్డాడు. చేతిలో ఖజానా ఉన్నది. వేల కూలీలు ఉన్నారు. చుట్టూ అడవి, అడిగేవాడు లేడు. ఇక్కడనే నాకు మా గోపన్న జ్ఞాపకం వస్తాడు. హెయిగ్ సర్కారు పైకము ముట్టలేదు. చర్చి మిషనరీ సొసైటీకి వ్రాసుకొన్నాడు, మిత్రులను అర్థించాడు, ప్రార్థన చేసుకొన్నాడు. ఆ పనులలోనే ఉద్యోగిగా ఉండిన వేంకటరామరాజు అనే తెలుగువాడు క్రైస్తవుడై, ఉద్యోగం విడిచి కోయల నడుమ బోధకుడయ్యాడు. దుమ్ముగూడెం మిషను నిజానికి ఆయనతోనే నిలబడింది. 1870లలో వచ్చిన జాన్ కెయిన్ దశాబ్దాల పాటు అక్కడనే ఉన్నాడు. కోయల ఆచారాలను, భాషను గురించి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో ఆయన వ్రాసిన వ్యాసాలు నేటికీ పరిశోధకులకు ఆధారం. లూకా సువార్తను కోయభాషలోకి తెచ్చినవాడు హెయిగ్. ఇంజనీరు పని ముగిసిన తరువాత కూడా ఆ భాష ఆయనను విడువలేదు.

ప్రభుత్వపు పని ఏమైంది? ఖర్చు తడిసి మోపెడైందని 1871లో ఎగువ గోదావరి పడవల పథకాన్ని ఆపివేశారు. సర్కారు సొమ్ముతో కట్టిన దారిలో పడవలు నడవలేదు. సర్కారుకు సంబంధం లేకుండా మొలకెత్తిన చిన్న సంఘం నిలిచింది. ఇందులో దైవికం వెదకడం నా పని కాదు. ఒక భేదం మాత్రం చూపదలచాను. గోపన్న దృష్టిలో రాజుగారి ధనం కూడా రాముడిదే. రెండు ఖజానాలు లేవు. హెయిగ్ దృష్టిలో రెండు ఖజానాలు ఉన్నాయి. ఒకదానినుండి మరొకదానిలోకి పోయరాదు. భక్తిలో ఎవరు ఎక్కువ అని తూకం వేయడం అవివేకం. కానీ రెండవది ఆధునిక రాజ్యంలో బ్రదికే భక్తుని పద్ధతి. హెయిగ్‌ను మరీ పైకెత్తడమూ తగదు. ఆయన వెనుక ఇంగ్లీషు తుపాకీ ఉన్నదని కోయకు తెలుసు. దొర అడిగిన మాటను వినేవాడు దొరతనాన్ని కూడా వింటాడు. గీత గీసినా నీడ దాటకుండా ఉండదు.

నీడ దాటకుండా చూడాలని ప్రయత్నించినవాడు మూడవ మనిషి. ఆయన దొర కాడు.

ఖమ్మం నుండి వరంగల్లు వైపు రైలులో పోతే డోర్నకల్లు జంక్షను వస్తుంది. అక్కడ గుమ్మటాలు, స్తంభాలు, మినారుల వంటి గోపురాలతో ఒక పెద్ద దేవాలయం కనబడుతుంది. అది గుడి వలెనూ ఉంటుంది, మసీదు వలెనూ ఉంటుంది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన క్రైస్తవ కథీడ్రలు. దానిని కట్టించినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. తిరునల్వేలి క్రైస్తవులు స్వంత చందాలతో నెలకొల్పిన ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున నిజాం రాజ్యంలోని డోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదనే మాకు మీ దానాలు కాదు, స్నేహం కావాలని చెప్పినవాడు. 1920 తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతాల ఆంగ్లికన్ సంఘాలు, దుమ్ముగూడెంతో సహా, ఆయన పాలన కిందికి వచ్చాయి. ఆయన కాలంలో సంఘస్థుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెల కూలి జనం.

అజరయ్య విశ్వాసంలో పాతకాలపు మనిషి. బాప్తిస్మం పుచ్చుకొనేవాడు తన చేయి తన తల మీద పెట్టుకొని సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని ప్రమాణం చేయాలి. తాగుడు మానాలి. ప్రతి ఇంట్లో వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు సంఘం కుండలో వేయాలి. కూలికి పోయే తల్లి తీసిన పిడికెడు బియ్యంతో ఉపదేశి జీతం నడవాలి. విలాయతు పైకము మీద కాదు. ఊరిని మార్చేది చట్టం కాదు, మారిన మనిషి అన్నది ఆయన నమ్మకం. నిజాం రాజ్యంలో రాజకీయ సభలకు ఆంక్షలు ఉండేవి. ప్రార్థనామందిరం కట్టాలన్నా సర్కారువారి అనుమతి కావలసి ఉండేది. ఆ హద్దులకు లోబడుతూనే ఆయన పని చేశాడు.

ఇటువంటి మనిషికి ప్రభుత్వం ఒక వరం ఇవ్వజూపింది. 1909లో ముస్లిములకు మొదలైన ప్రత్యేక నియోజకవర్గాలు 1919 సంస్కరణలతో మద్రాసు శాసనసభలో దేశీయ క్రైస్తవులకూ వచ్చాయి. క్రైస్తవుల ఓట్లు క్రైస్తవులకే, వారి స్థానాలు వారికే. 1932 నాటి కమ్యూనల్ అవార్డు దానిని స్థిరపరచింది. 1935 చట్టం కింద మద్రాసు అసెంబ్లీలోని 215 స్థానాలలో 8 దేశీయ క్రైస్తవులకు ఏర్పడ్డాయి. రౌండ్ టేబుల్ సమావేశాలలో కాథలికుల పక్షాన పన్నీర్ సెల్వం దీనిని కోరాడు, ప్రొటెస్టంటులైన కె. టి. పాల్, ఎస్. కె. దత్తా వద్దన్నారు. వద్దన్నవారిలో గట్టి గొంతు అజరయ్యది.

ఆయన వాదం నాకు అర్థమైనంతలో ఇది. క్రైస్తవ సంఘం ఒక కులం కాదు. ఎవరైనా లోపలికి రాగల, ఎవరి మధ్యనైనా బ్రదకగల జనం అది. దానికి విడిగా ఓట్లు, విడిగా స్థానాలు కేటాయించిన నాడు అది మరొక కులమై గోడ కట్టుకొంటుంది. అంతకన్నా పెద్ద చేటు మరొకటి ఉన్నది. ఒక మాదిగవాడు బాప్తిస్మం తీసుకొంటే ఇంతవరకు అది అతనికీ దేవునికీ మధ్య సంగతి. ఇకమీదట అది ఒక పక్షపు ఓటు తగ్గి మరొక పక్షపు ఓటు పెరగడం అవుతుంది. పొరుగువాడు దానిని విశ్వాసంగా చూడడు, ఎత్తుగడగా చూస్తాడు. సంఘం నోట సువార్త ఎంత పలికినా ఎదుటివాని చెవికి ఎన్నికల ప్రచారంగానే వినబడుతుంది. కాబట్టి ఆ స్థానాలు వద్దు.

ఈ నిలకడకు మెప్పు దక్కలేదు. 1935లో అంబేడ్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించిన తరువాత దేశమంతా తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అంబేడ్కర్ అజరయ్యను కలిసినప్పుడు, మేము క్రైస్తవులమైతే ఇన్ని సంఘాలలో ఏ సంఘంలో చేరాలి, అందరం ఒకటిగా ఉండగలమా అని అడిగాడనీ, బిషప్పు సిగ్గుపడి జవాబు చెప్పలేకపోయాడనీ ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. 1937లో గాంధీ తన ‘హరిజన్’ పత్రికలో దళితుల సామూహిక మతాంతరాలను నిశితంగా విమర్శించాడు. ఓట్లు వద్దన్న బిషప్పునే ఓట్ల కోసం మతం మారుస్తున్నాడన్నట్లు చూసినవారు ఎందరో. అజరయ్య మాత్రం రెండు మాటలూ విడువలేదు: స్థానాలు అడగను, బోధించడం మానను. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశాడు. సంఘాల ఐక్యత కోసం ఆయన పడిన శ్రమ 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపు దాల్చింది.

ఆయన మాట రాజ్యాంగ సభలో మరొక రూపంలో నెగ్గింది. క్రైస్తవుడైన హెచ్. సి. ముఖర్జీ సభకు ఉపాధ్యక్షుడు, మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు. 1948 డిసెంబరులో మతాన్ని ప్రచారం చేసుకొనే హక్కు మీద వాదం నడిచినప్పుడు దానిని సమర్థించినవారిలో కె. ఎం. మున్షీ, టి. టి. కృష్ణమాచారి వంటి హిందువులు ఉన్నారు. 1949 మే నెలలో మత మైనారిటీలు చట్టసభలలో ప్రత్యేక స్థానాలను వదులుకొన్నారు. అజరయ్య కోరినది కూడా సరిగ్గా ఇదే: బోధించే స్వేచ్ఛ ఉండాలి, వేరు గోడ ఉండరాదు.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది!

1950 ఆగస్టులో షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాక వేరు మతం అవలంబించేవారు షెడ్యూల్డు కులస్థులు కారని దాని మూడవ పేరా. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను మినహాయించారు. క్రైస్తవులను, ముస్లిములను మినహాయించలేదు. 1985లో సూసై అనే ఆయన వేసిన దావాలో సుప్రీం కోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టింది. 1970 నుండి మన రాష్ట్రంలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారు బి.సి. ‘సి’ గ్రూపు, వాటా నూటికి ఒకటి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ ఆంక్షను తీసివేయమన్నది. 2022లో ఇదే విషయం పరిశీలించడానికి కేంద్రం బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రైస్తవ దళితులను ఎస్.సి.లలో చేర్చమని తీర్మానించింది. మరొక వైపు, షెడ్యూల్డు తెగలకు మతం అడ్డు లేదు. హెయిగ్ నాటిన సంఘంలోని కోయ నేడు క్రైస్తవుడైనా షెడ్యూల్డు తెగవాడే. అజరయ్య బాప్తిస్మం ఇచ్చిన మాదిగ మనుమడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులంవాడు కాడు. ఒకే బిషప్పు పాలనలో ఉండిన రెండు పల్లెలు, రెండు లెక్కలు.

సంఘం కులం కాదని అజరయ్య అన్నాడు. సరే, కాకపోతే మీకు కులం వల్ల వచ్చిన బాధా లేదు, పరిహారమూ లేదని ప్రభుత్వం అన్నది. బిషప్పు పలికిన ఉన్నతమైన మాటను ప్రభుత్వం అక్షరార్థంగా పట్టుకొన్నట్లయింది. స్థానాలు వదులుకొన్నప్పుడు నష్టపోయినది చదువుకొన్న కొద్దిమంది. ఎందుకంటే ఆ రోజుల్లో ఓటుకు ఆస్తి, చదువు అర్హతలుండేవి, కూలివానికి ఓటే లేదు. 1950లో నష్టపోయినవాడు కూలివాడు. అతనిని ఎవరూ అడగలేదు. ఈ రెండూ ఒకటి కావు. శాసనసభ స్థానం అధికారంలో వాటా. ఉపకారవేతనం, హాస్టలు సీటు తరతరాల అన్యాయానికి చెల్లింపు. మొదటిదానిని విశ్వాసం పేరున వద్దనవచ్చు. రెండవదానిని విశ్వాసం పేరున మరొకడు లాగుకోరాదు.

ఇది నాకు పుస్తకాలలో తెలిసిన సంగతి కాదు. బడిలో ప్రవేశాల నెలలో రిజిస్టరు వ్రాసే పని తరచు తెలుగు పండితుడి మీద పడేది, చేవ్రాలు బాగుంటుందని. ఒక ఏడు ఒక తండ్రి కొడుకును తీసుకొని వచ్చాడు. పిల్లవాని పేరు బైబిలులోని పేరు. కులం గడి దగ్గర నా కలం ఆగింది. ఆయన చేతులు కట్టుకొని మెల్లగా అన్నాడు: “సారూ, ఒకటి రాస్తే దేవునికి అబద్ధమాడినట్టయితది, ఇంకొకటి రాస్తే పిలగాని హాస్టలు పోతది. మీరు పెద్దోళ్ళు, మీరే చెప్పుండ్రి.” నేను చెప్పలేదు. ఆయన తెచ్చిన సర్టిఫికెట్టులో ఉన్నది చూసి వ్రాశాను. దానిలో వేరొక పేరు, వేరొక మతం ఉన్నాయి. పిల్లవాడు నా వంక చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు నా కలం అబద్ధం వ్రాసిందా, నిజం వ్రాసిందా అన్నది నేటికీ తేల్చుకోలేదు.

ఇతర దేశాలలో నేడు కొందరు సంప్రదాయ క్రైస్తవులు తమ విశ్వాసాన్ని చట్టంగా మార్చడమే దేవుని సేవ అంటున్నారు. మన దేశంలో అన్ని మతాలలోనూ అటువంటివారు ఉన్నారు. అటువంటివారికి మా ప్రాంతపు క్రైస్తవుల చరిత్ర చూపదగినది. మెయిట్లండ్ పదవి వదిలాడు. హెయిగ్ ఖజానా ముట్టలేదు. అజరయ్య ఇస్తానన్న స్థానాన్ని వద్దన్నాడు. వారి మతంతో నాకు పని లేకపోయినా వారి చేతుల శుభ్రతకు నమస్కరిస్తాను. అయితే నమస్కారంతో పాటు ఒక మాట కూడా చెప్పుకోవాలి. త్యాగం చేసేవాడు తన వంతును త్యాగం చేయాలి. పిడికెడు బియ్యం తీసి కుండలో వేసిన తల్లికి ఆ లెక్క బాగా తెలుసు. ఆమె తన వంటింటి బియ్యమే తీసింది, పొరుగింటిది కాదు.

వెనుక బెంచీ కుర్రవాడికి ఇన్నాళ్ళకు జవాబు చెప్పగలను. సర్కారు సొమ్ముతో గుడి కట్టరాదు నాయనా. గుడికి పోయినవాడని చెప్పి వాడికి రావలసిన సర్కారు సొమ్మునూ ఆపరాదు.